పసుపు కళ్లాల మీదుగా పిల్లిగద్దలు

తొమ్మిదిన్నర దాటింది. ఆర్మూరు సిద్ధులగుట్ట మీద నల్లబండకు అరచేయి ఆనించి చూడండి. పొద్దున్నే ఎక్కినప్పుడు జివ్వుమన్న రాయి ఇప్పుడు గోరువెచ్చబడింది. ఇంకో అరగంట పోతే చేయి పెట్టనివ్వదు. మనం కాచుకొని కూర్చున్నది ఆ వేడి కోసమే.

ఫిబ్రవరి నెలాఖరు. కింద ఊళ్లకు ఊళ్లు పసుపు పనిలో మునిగి ఉన్నాయి. తవ్విన పసుపు బాయిలర్ల దగ్గరికి పోతోంది, ఉడికింది కళ్లాలకెక్కుతోంది. చేల మధ్య అక్కడక్కడా నలుచదరంగా మెరుస్తున్నవన్నీ ఆ కళ్లాలే. గాలి ఇటు మళ్లినప్పుడల్లా ఉడికిన కొమ్ముల ఘాటు గుట్ట మీదికి వస్తోంది. పెర్కిట్ వైపు 44వ జాతీయ రహదారి మీద లారీల రొద ఆగడం లేదు.

ఆకాశం ఖాళీగా ఉందనిపిస్తోందా? తొందరపడకండి. తలెత్తి నడినెత్తిన వెతక్కండి, మెడ పట్టేస్తుంది. నేలా నింగీ కలిసేచోట మొదలుపెట్టి ఒక జానెడు పైవరకు, ఎడమ నుంచి కుడికి, ముందు ఉత్త కంటితో చూసుకుంటూ రండి. తర్వాత అదే దారిన బైనాక్యులర్‌తో వెనక్కి రండి.

మొదట లేచేవి ఊరి నల్లగద్దలు. మనకు దారి చూపించేవి అవే. బండ మీద కాగిన గాలి తేలికపడి పైకి లేస్తుంది. అలా లేచే గాలి ఎక్కడుందో మన కంటికి ఆనదు, గద్దకు రెక్క కింద తెలిసిపోతుంది. ఒకటి అక్కడ గిరికీలు మొదలుపెట్టిందంటే చుట్టుపక్కల ఎగిరేవన్నీ వచ్చి చేరతాయి. అదిగో, గుడి వెనక ఆ రెండు పెద్ద గుండ్ల మీదుగా చూడండి. మూడు గద్దలు, వాటి పైన ఇంకో రెండు.

ఇప్పుడు ఆ గుంపులో వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. తోక చివర చీలిక ఉంటే నల్లగద్ద, దాన్ని వదిలేయండి. రెక్కలు వెడల్పుగా, పొట్ట తెల్లగా, తల గుండ్రంగా పెద్దగా ఉన్న ఆ పక్షి పాములగద్ద. ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. దానికీ పైన, నల్లగద్దంతే ఉండి తోక చీలని ఒకటి తిరుగుతోంది. అది పక్కకు ఒరిగినప్పుడు రెక్క అడుగుభాగం చూడండి. ముందు సగం తెలుపు, వెనక సగం నలుపు. దాని పేరు ఉడతలగద్ద. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చిన చుట్టం. తిరుగుతూ తిరుగుతూ చుక్కంతైంది. అంతలో గిరికీ ఆపింది, రెక్కలు కొంచెం వెనక్కి ముడిచింది, గోదావరి వైపు జారిపోయింది. ఒక్క రెక్క కూడా కొట్టలేదు.

రాయాల్సింది ఇప్పుడే. గిరికీలు కొట్టేటప్పుడు లెక్కపెడితే ఒకే పక్షి రెండుసార్లు పడుతుంది, ఇంకోటి తప్పిపోతుంది. గాలి మీద పైదాకా పోయి, అక్కడినుంచి వరసగా ఒకే దిక్కుకు జారేటప్పుడే లెక్క. ప్రపంచంలో వేటపక్షుల వలసను లెక్కించే చాలా గుట్టల మీద ఇదే పద్ధతి. నోటుబుక్కులో గళ్లు గీసుకోండి: గంట, గాలి ఎటునుంచి, మబ్బు, జాతి, ఎటు పోయింది. ఏమీ కనిపించని గంటలో సున్న వేయాలి, గడి ఖాళీగా వదలొద్దు. సున్న రాసినవాడికే పదేళ్ల తర్వాత పక్షులు తగ్గాయో పెరిగాయో చెప్పే హక్కు ఉంటుంది.

గుడికి వచ్చిన ఒక పెద్దాయన మన పక్కన ఆగాడు. మెడలో తువాల, చేతివేళ్లకు ఇంకా వదలని పసుపు.

"ఏం జూస్తున్నరు సార్? డ్రోనా?"

"గద్దలను కాకా."

"గద్దలల్ల జూసేటిది ఏమున్నది?"

"ఇయ్యి మనూరియి కావు. ఎండలు ముదరంగనే కజకిస్తాన్ దిక్కు పోతయి."

ఆయన కాసేపు ఉత్తరం వైపు చూశాడు. "దుబాయ్ కన్న దూరమా?"

"దుబాయ్ కన్న దూరమే."

"మా చిన్నోడు మస్కట్‌ల ఉన్నడు," అని బైనాక్యులర్ కోసం చేయి చాపాడు.

ఈ ప్రాంతంలో వలస అంటే ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. గల్ఫ్ పోయిన కొడుకు లేని వాడ ఇక్కడ అరుదు. అందుకే అలాంగ్ అనే డేగ కథ ఆయనకు అక్కడే, ఆ బండ మీదే చెప్పాలనిపించింది. మీరూ వినండి.

2025 నవంబరులో మణిపూర్‌లోని తామెంగ్లాంగ్ జిల్లాలో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు మూడు అముర్ డేగల వీపున కొద్ది గ్రాముల ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలారు. అముర్ డేగ పావురం కన్నా చిన్నది. తూర్పు సైబీరియాలో, ఉత్తర చైనాలో గూడు కట్టి, ఈశాన్య భారతంలో కొన్నాళ్లు ఆగి ఒంట్లో కొవ్వు పట్టించుకొని, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరుతుంది. ఆ మూడింటికి అపాపాంగ్, అలాంగ్, ఆహు అని పేర్లు పెట్టారు. అపాపాంగ్ 6,100 కిలోమీటర్లు 6 రోజుల 8 గంటల్లో ఎగిరి కెన్యాలో దిగింది. అలాంగ్ మూడింటిలోకి చిన్నది, ఆడది. అది దారిలో తెలంగాణలో ఒక రాత్రి ఆగింది. మహారాష్ట్రలో మూడు గంటలు ఆగింది. ఆ తర్వాత సముద్రం మీద పడి, మొత్తం 5,600 కిలోమీటర్లు 6 రోజుల 14 గంటల్లో ఎగిరి కెన్యా చేరింది.

మన వరికోతల రోజులు అవి. తూనీగలు గుంపులుగా తిరిగే రోజులు కూడా. ఆ తూనీగలే మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా పోతాయని అక్కడ పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ 2009లో రాశాడు. డేగలు అదే కాలంలో, అదే గాలివాటున పోతాయి కాబట్టి సముద్రం మీద వాటికి తిండి ఈ తూనీగలే కావచ్చని ఆయన ఊహ.

పెద్దాయన చివరిదాకా విన్నాడు. "ఒక్క రాత్రే ఆగిందా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది పక్షి మీద జాలి మాత్రమే కాదని నాకు అనిపించింది.

ఈ డేగల సంగతి లోకానికి తెలిసింది చాలా ఘోరంగా. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర, పాంగ్తి ఊరి చుట్టుపక్కల వలలు కట్టి వీటిని లక్షకు పైగా పట్టి చంపారు. ఆ దృశ్యాలు బయటికొచ్చాయి. మరుసటి ఏడు ఒక్క వల లేదు. ఊరి పెద్దలు, చర్చి, అటవీశాఖ, బయటినుంచి వెళ్లిన పక్షిప్రేమికులు కలిసి ఆపారు. ఆ 2013లోనే మన దేశంలో తొలిసారి మూడు డేగలకు ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. పక్షికి ఊరి పేరు పెట్టాక అది ఊరి బిడ్డ అయిపోతుంది. ఏ చట్టమూ చేయలేని పని ఆ పేర్లు చేశాయని నా నమ్మకం.

పదకొండు గంటలు. బండ కాలుతోంది. ఆవిరిలో దూరం వణుకుతోంది. పక్షులు ఇప్పుడు ఎంత పైకి పోతాయంటే బైనాక్యులర్‌లో కూడా ఇసుక రేణువంతే. నీడకు జరుగుదాం. జరుగుతూ ఒక మాట.

లెక్క దేనికి అని చాలామంది అడుగుతారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అనే కొండ ఉంది. ఒకప్పుడు శరదృతువులో వేటగాళ్లు సరదాకు అక్కడ నిలబడి దాటిపోయే డేగలను కాల్చేసేవారు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండను తీసుకొని, మారిస్ బ్రౌన్ అనే యువకుణ్ణి కాపలా పెట్టింది. అతను కాపలాతో ఆగలేదు, రోజూ దాటినవన్నీ రాయడం మొదలుపెట్టాడు. ఆ పద్దే తర్వాత రచయిత్రి రేచల్ కార్సన్‌కు పనికొచ్చింది. డీడీటీ పురుగుమందు వాడకం పెరిగాక కొండ మీదుగా పోయే తెల్లతల గద్దల్లో పిల్లపక్షులు తగ్గిపోయాయని ఆమె 1962 నాటి పుస్తకంలో చూపించగలిగింది. పెద్దవి కనిపిస్తూనే ఉన్నాయి. లెక్క లేకపోతే అంతా బాగానే ఉందనుకునేవాళ్లు.

మన దేశంలోనూ అంతే. రాబందులు పోయాయని ముందుగా పట్టుకున్నది భరత్‌పూర్ కేవలదేవ్‌లో. 1980లలో అక్కడ వాటిని లెక్కించిన విభు ప్రకాశ్ తొంభైలలో అదే చోట మళ్లీ లెక్కించాడు. పాత కాగితం చేతిలో ఉంది కాబట్టే పతనం బయటపడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు దీనికి కారణమని తర్వాత తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మన రాష్ట్రంలోనే బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అంచున పొడవుముక్కు రాబందుల గూళ్లు 2013లో కంటబడ్డప్పుడు ఆ వార్త అంత విలువైనదైంది అందుకే.

ఆర్మూరు మనిషికి పద్దు విలువ నేను చెప్పాలా? పసుపు కొమ్ము (కాడి) ఎంత, దుంప (గోళ) ఎంత, ఏ రోజు ఏ ధర పలికింది అన్నది నిజామాబాద్ యార్డులో రోజూ రాస్తారు. ధర పడిందని రైతు నిలదీయాలంటే నిన్నటి ధర కాగితం మీద ఉండాలి. పైనుంచి పోయేవాటికి కూడా అలాంటి పద్దు, ఇదే బండ మీద, ఏటా ఇవే నెలల్లో ఉండాలన్నది నా కోరిక.

మధ్యాహ్నం దాటాక నందిపేట వైపు బయల్దేరదాం. దారి పక్కన ఎర్రజొన్న గింజ ముదిరి కంకులు వంగుతున్నాయి. ఈ విత్తనం ఇక్కడి అన్నం కోసం కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసానికి పోతుంది. కరెంటు తీగ మీద ఇటుక రంగు వీపుతో కూర్చున్నది తొండలడేగ. చూస్తుండగానే లేచి, చేను మీద ఒక్కచోటే గాలిలో నిలబడి, తోక విప్పి, తల మాత్రం కదలకుండా పట్టుకుంది. దిగింది. మళ్లీ లేచినప్పుడు కాళ్లలో మిడత.

శ్రీరాంసాగర్‌కు 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేశాడు. గోదావరిని ఆపి కట్టిన ఆ నీళ్లు వానాకాలంలో నందిపేట మండలం ఊళ్లదాకా వచ్చి, ఎండలు మొదలవగానే వెనక్కి పోతాయి. నీళ్లు విడిచిన నేల మీద కనుచూపు మేర గడ్డి. దూరంగా కృష్ణజింకలు, వాటికి ఇవతల గొర్ల మంద. నీళ్ల అంచున ఎండిన తుమ్మ మోడు మీద కొరమీనుగద్ద చేప తింటోంది. తొందరేమీ లేదు దానికి. ముక్కుతో పొలుసు లాగి విదిలిస్తోంది, ఒక్కో పొలుసు ఎండలో తళుక్కుమని గాలికి పోతోంది.

ఐదున్నర. సూర్యుడు మన వీపు వెనక ఉండేట్టు, ఆ కట్ట చాటున కూర్చోండి. నిలబడొద్దు. గడ్డిలోకి అడుగు పెట్టొద్దు. ఒకరు తూర్పు, ఒకరు ఉత్తరం పంచుకుందాం. ఒకరి వంతులో పడ్డది ఇంకొకరు లెక్కించకూడదు.

గాలి చల్లబడింది. జొన్నచేల మీదుగా మొదటిది వస్తోంది. ఇంత పెద్ద పక్షి ఇంత కిందుగా, మోకాలెత్తున ఎగురుతుందని ఎవరూ అనుకోరు. నాలుగుసార్లు రెక్కలు కొట్టి, వాటిని పైకి వి ఆకారంలో నిలిపి జారుతుంది. అటు ఒరిగి ఇటు ఒరిగి గడ్డి చివళ్లను తడుముతున్నట్టే పోతుంది. ముఖం గుడ్లగూబలా గుండ్రం, ఎందుకంటే గడ్డిలో ఎలుక కదిలిన సవ్వడిని కూడా పట్టుకుంటుంది. గోధుమరంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. పిల్లిగద్ద, ఆడది. పాలిడ్ హారియరా, మాంటెగ్యూ హారియరా? ఈ వెలుగులో, ఈ దూరంలో ఆడవాటిని విడదీయడం కష్టం. 'రెండిట్లో ఒకటి' అని రాయండి. ఊహించి పేరు రాసే కన్నా అదే మేలు.

దాని వెనకే మగది. బూడిద కలిసిన తెలుపు, రెక్క కొసన సన్నటి నల్లటి చీలిక. ఇది పాలిడ్, అనుమానం లేదు. మాంటెగ్యూ మగదైతే రెక్క మీద అడ్డంగా నల్లగీత ఉంటుంది.

అవి సూటిగా గడ్డిలోకి దిగవు. ముందు బోడినేల మీద వాలి, ఒకదానికొకటి ఎడంగా, అన్నీ గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి. అరగంట అలాగే. సూర్యుడు నీళ్లలోకి జారాక ఒక్కొక్కటీ లేచి, గడ్డి మీద రెండు చుట్లు తిరిగి, కాళ్లు చాపి దభాలున దిగుతాయి. ఒకటి. రెండు. మూడు. రెండోది మళ్లీ లేచింది, ఒకటి తీసేయండి. ఎడమ పక్క ఇంకో రెండు. దిగినవి కలుపుకోవాలి, లేచినవి తీసేయాలి, నోరు విప్పకూడదు. వెలుగు పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. గోధుమరంగువి గడ్డిలో కలిసిపోతున్నాయి, తెల్లటి మగవి మాత్రం ఇంకా ఆనుతున్నాయి. వేల కిలోమీటర్ల అవతలి గడ్డిమైదానాల్లో నేల మీదే గూడు కట్టే ఈ పక్షులు ఇక్కడా రాత్రంతా నేల మీదే నిద్రపోతాయి. చెట్టెక్కవు. అందుకే వాటికి గడ్డి కావాలి, ఆ గడ్డి దున్నకుండా, తగలబెట్టకుండా, రాత్రి జీపులు తిరగకుండా ఉండాలి.

తెలుగునేల మీద ఈ దృశ్యానికి పేరుపడ్డ చోటు రోళ్లపాడు. అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డిలోనే చలికాలంలో పిల్లిగద్దలు వందలాదిగా వచ్చి పడుకునేవి. దేశంలోని పెద్ద మజిలీల్లో అదొకటి. బట్టమేక పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించదు. పిల్లిగద్దల సంఖ్య బాగా పడిపోయింది. బెంగళూరు ఏట్రీ సంస్థలో గణేశ్ బృందం దక్కన్ అంతటా ఈ మజిలీలను ఏళ్ల తరబడి లెక్కించింది. గడ్డినేలలు దున్నకంలోకి పోవడం, పురుగుమందులు ముఖ్యంగా దెబ్బతీస్తున్నాయన్నది వాళ్ల మాట. 2023 ఆగస్టులో వెలువడిన దేశ పక్షుల స్థితిగతుల నివేదిక, సుమారు 30,000 మంది పక్షివీక్షకులు నమోదు చేసిన సమాచారంతో 942 జాతులను పరిశీలించి, బయలు నేలల మీద బతికే పక్షులూ వేటపక్షులూ తగ్గుతున్నాయని చెప్పింది. ఆ ముప్పై వేల మందిలో జీతానికి పనిచేసినవాళ్లు ఎంతో తక్కువ. సెలవు రోజున గట్టు మీద కూర్చుని రాసినవాళ్లే ఎక్కువ.

తెల్లవారి ఆరున్నరకు మళ్లీ అదే కట్ట. పిల్లిగద్దలు పొద్దు పొడవకముందే లేవడం మొదలుపెడతాయి, చేల మీదికి చెదిరిపోతాయి. లేచేటప్పుడు ఇంకోసారి లెక్కిస్తాం, రాత్రి లెక్కతో సరిచూస్తాం. అన్నీ పోయాయని నిర్ధారించుకున్నాకే లోపలికి అడుగు. మంచుకు తడిసిన గడ్డిలో పళ్లెమంత మేర అణిగిన చోటు ఉంది చూడండి, అదే పడక. పక్కన తెల్లటి రెట్ట, ఒక చిన్న గోధుమ రంగు ఈక, బొటనవేలంత బూడిదరంగు ఉండ.

ఆ ఉండను చేతిలోకి తీసుకోండి, రోత పడకండి. తేలిగ్గా, పొడిగా ఉంటుంది. తిన్నదాంట్లో అరగని బొచ్చు, ఎముక, పెంకు అంతా కలిపి గద్ద నోటితో కక్కే ముద్ద అది. కాగితం మీద పెట్టి పుల్లతో మెల్లగా విడదీయండి. ముందు ఎలుక బొచ్చు. దానిలో దూది మీద సూదిలా ఒక పన్ను. ఆ తర్వాత గట్టి ఎర్రటి ముక్కలు, ఒక పక్క రంపపు పళ్లు ఉన్నవి. ఇంకోటి. ఇంకోటి. కాగితం సగం నిండింది.

గొర్లు తోలుకొచ్చిన కురుమ పిల్లవాడు భుజం మీదుగా వంగి చూశాడు. "మిడత కాళ్లు గదా అన్నా ఇయ్యి. జొన్నచేన్ల ఉంటయి."

"అవ్. రాత్రి గీడ పన్నయి గదా గద్దలు, వాటి కడుపులయి."

"గీడనే కాదు," అన్నాడు వాడు, కర్రతో నీళ్ల అవతలికి చూపిస్తూ. "గా ఒడ్డున గూడ పంటయి. బోదగడ్డి ఉన్న కాడ. నేను రోజు జూస్త. గీడికన్న మస్తు ఉంటయి."

అంటే రాత్రి మనం రాసుకున్నది సగం లెక్కే కావచ్చు. ఒక ఒడ్డు నుంచి లేచినవి మరుసటి రోజు రెండో ఒడ్డుకు మారవచ్చు కూడా. ఒకే సాయంత్రం, ఒకే గంటలో, రెండు ఒడ్లలోనూ మనుషులు కూర్చుంటేనే అది తేలుతుంది. మార్చి మధ్యకు ఇవి పోవడం మొదలవుతుంది, కాబట్టి ఎక్కువ వారాలు లేవు. వాడి ఫోన్ నంబరు నోటుబుక్కులో రాసుకున్నాం. వచ్చే ఆదివారం మీరు ఈ కట్ట మీద ఉండండి, నేను అటు వెళ్తాను. ఐదింటికల్లా చేరాలి. వాచీలు కలిపి పెట్టుకుందాం.